లైకా నిర్మాత ఆస్కార్ బార్నాక్

ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో, జర్మనీ దేశంలోని యేనా పట్టణానికి చేరువనున్న తురింగియా అడవికొండలకు సెలవుదినాలలో ఒక యువకుడు వెళ్ళివస్తూ ఉండేవాడు. కొండగాలికోసం వచ్చేవారు చేతికర్ర ఒకటి పట్టుకొని హాయిగా నడిచిపోయేవారు. ఆయన వెంట మాత్రం పెద్ద బరువు ఉండేది. 13 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు గల గాజుపలకలను పట్టే కెమేరా, ఆ పలకలకు వెలుతురు తగలకుండా కాపాడే చట్రాలు, వాటన్నిటినీ మోసే తోలుసంచి, కెమేరాను నిలబెట్టడానికి ముక్కాలిపీట. చూడదగిన దృశ్యాలన్నీ ఎత్తుమీద ఉన్నవి. ఎక్కవలసినవానికి ఊపిరి చాలదు. ఆయనకు ఉబ్బసం. నాలుగడుగులు వేసి నిలువడం, నిలిచి ఊపిరి కూడదీసుకొనడం, మరల నాలుగడుగులు వేయడం. ఆ యువకుని పేరు ఆస్కార్ బార్నాక్. మరొకడైతే ఆ వేడుకను మానుకొని ఉండును. బార్నాక్ వేడుకను మానలేదు. బరువును తగ్గించడానికి పూనుకొన్నాడు. ఆ పూనికనుండి పుట్టినదే లైకా కెమేరా.

బార్నాక్ 1879 నవంబరు 1వ తేదీన బ్రాండెన్‌బర్గ్ సీమలో, బెర్లిన్ నగరానికి దక్షిణాన ఉన్న లీనో అనే చిన్నపల్లెలో జన్మించాడు. ఆయన విశ్వవిద్యాలయంలో చదువుకొన్నవాడు కాడు. బాల్యం దాటుతూనే బెర్లిన్ పొలిమేరలో ఖగోళపరికరాలు తయారుచేసే కర్మశాలలో శిష్యుడుగా చేరాడు. నక్షత్రాల స్థానాలను కొలిచే పరికరంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కొలత తప్పిపోతుంది. అటువంటి చోట ఇత్తడిని ఆకురాయితో అరగదీయడం, మరలు కోయడం, పళ్ళచక్రాలను పొందికగా కూర్చడం నేర్చుకొన్నాడు. పని నేర్చిన జర్మన్ యువకులు కొంతకాలం ఊరూరా తిరిగి, వేర్వేరు కర్మశాలలలో పనిచేసి చేయి తిప్పుకొనడం ఆనాటి ఆచారం. బార్నాక్ కూడ ఆ విధంగా వియన్నా మొదలైన చోట్ల పనిచేసి, 1902లో యేనా పట్టణంలోని ప్రసిద్ధమైన కార్ల్ జైస్ కర్మాగారంలో కుదురుకొన్నాడు. సూక్ష్మదర్శినులకు, దూరదర్శినులకు లోకమంతటా పేరువడ్డ సంస్థ అది. అక్కడ ఆయనకు పనికి కొరతలేదు. కొరత పడినది ఆరోగ్యానికే.

ఆనాటి ఛాయాగ్రహణపు తీరు తెలియనిదే బార్నాక్ సంకల్పంలోని సాహసం మనకు బోధపడదు. ఆ దినాలలో మంచి చిత్రం కావాలంటే నెగటివు ఎంత ఉంటే చిత్రం అంతే ఉండేది. నెగటివును కాగితానికి ఆనించి వెలుతురు చూపితే అదే కొలతలో బొమ్మ దిగేది. కనుక పెద్దచిత్రం కోరినవాడు పెద్దపలకనే వాడవలెను. పెద్దపలకకు పెద్దకెమేరా, పెద్దకెమేరాకు ముక్కాలిపీట తప్పవు. చిన్న కెమేరాలు లేకపోలేదు. కాని తెలిసినవారి దృష్టిలో అవి పిల్లల ఆటవస్తువులు. ఛాయాగ్రహణమనేది ధృడకాయులకు, లేదా కూలివానిని వెంట పెట్టుకొనగల కలిమి ఉన్నవారికి తగిన వ్యాసంగంగా ఉండేది.

బార్నాక్‌కు ఒక ఆలోచన తట్టింది. నెగటివు చిన్నదిగా ఉండి చిత్రం పెద్దదిగా ఎందుకు ఉండరాదు? చిన్నపలకమీద పట్టిన రూపాన్ని తరువాత చీకటిగదిలో పెద్దది చేసుకొంటే సరిపోవును గదా! 1905 ప్రాంతంలో ఆయన తన పెద్దకెమేరాలోనే మార్పులు చేసి, ఒకే గాజుపలకమీద వరుసగా పెక్కు చిన్నచిత్రాలు పడేటట్లు ప్రయత్నించి చూచాడు. ఆలోచన మంచిదే, ఫలితం మాత్రం దక్కలేదు. పలకమీది రసాయనపు పూతలో ఉండే వెండిరేణువులు ముతకవి. చిన్నచిత్రాన్ని పెద్దది చేయగానే ఆ రేణువులన్నీ ఇసుకచల్లినట్లు తేలి, రూపంలోని సొగసును మింగివేశాయి. బార్నాక్ ఆ ప్రయత్నాన్ని ప్రక్కన పెట్టాడు; ఆశను మాత్రం వదలలేదు. తగిన పదార్థం తన చేతికి వచ్చేవరకు ఆ తలంపు ఆయన మనస్సులో విత్తనం వలె నిలిచి ఉన్నది.

ఆ పదార్థం ఆయనకు వెట్స్‌లార్‌లో దొరికింది. లాన్ నది ఒడ్డున ఉన్న ఈ చిన్నపట్టణం సాహిత్యపరులకు క్రొత్తది కాదు. మహాకవి గోథే 1772 వేసవిలో ఇక్కడ ఉండి, ఆ నాటి అనుభవాలను 1774లో వెలువడిన తన వెర్టర్ నవలలో పొందుపరచాడు. నూరేండ్లు గడిచేసరికి ఆ ఊరికి వేరొక కీర్తి వచ్చింది. 1849లో అక్కడ నెలకొన్న చిన్న కటకాల కర్మశాలను 1869లో ఎర్నెస్ట్ లైట్స్ తన చేతిలోనికి తీసుకొని, సూక్ష్మదర్శినుల నిర్మాణంలో అగ్రగామిగా తీర్చిదిద్దాడు. లైట్స్ సంస్థ తయారుచేసిన లక్షవ సూక్ష్మదర్శిని 1907లో క్షయక్రిమిని కనుగొన్న రాబర్ట్ కాఖ్ మహాశయునికి కానుకగా వెళ్ళింది. ఆ సంస్థలో ఎమిల్ మెఖావ్ అనే నిపుణుడు సినిమా ప్రదర్శనయంత్రంలో తెరమీది బొమ్మ అదరకుండా చేసే ప్రయత్నంలో ఉన్నాడు. ఆయన యేనాలో బార్నాక్‌తో కలిసి పనిచేసినవాడు. మిత్రుని చేతిపనితనం ఎరిగినవాడు. ఆయన సిఫారసుమీద బార్నాక్ 1911 జనవరిలో లైట్స్ సంస్థలో చేరి, ప్రయోగాత్మకమైన పనుల శాఖకు పెద్ద అయినాడు. దేహబలంలేని మనిషిని నమ్మి ఒక శాఖను అప్పగించిన ఆ సంస్థ దూరదృష్టి మెచ్చదగినది.

అది సినిమా బాల్యదశలో ఉన్న కాలం. సినిమా కెమేరాలు పెక్కు కొయ్యతో చేసినవి. బార్నాక్ తనకోసం లోహంతో ఒక సినిమా కెమేరా చేసుకొని, వెట్స్‌లార్ పరిసరాలలో చిత్రాలు తీయసాగాడు. ఈ పనిలో సినిమా ఫిల్ము ఆయన చేతికి బాగా అలవడింది. 35 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు అంచులవెంట వరుసగా రంధ్రాలు. తెరమీద ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపించవలసిన బొమ్మకోసం చేసిన ఫిల్ము గనుక దాని పూతలోని రేణువులు సన్ననివి. యేనాలో గాజుపలక ఇవ్వలేనిది ఈ ఫిల్ము ఇవ్వగలదు. ప్రక్కన పెట్టిన పాత తలంపు మరల మొలకెత్తింది.

సినిమా చిత్రపు చట్రం 18 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. నిశ్చలచిత్రానికి అది మరీ చిన్నదని తోచి, బార్నాక్ రెండు చట్రాలను కలిపి ఒకటి చేశాడు. 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చింది. ఇంత చిన్న లెక్క తరువాత లోకమంతటికీ ప్రమాణమవుతుందని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు. ఫిల్మును నిలువుగా గాక అడ్డంగా పోనిచ్చి, అరచేతిలో ఇమిడే లోహపు పెట్టెలో ఆయన దానిని అమర్చాడు. ఫిల్ముకు ముందు గుడ్డతెర ఒకటి. దానిలోని చీలిక ఫిల్ము ఎదుటగా జరిగిపోతుంటే ఆ చీలికగుండా వెలుతురు పడుతుంది. అన్నిటికంటె తెలివైన ఏర్పాటు మరొకటి ఉన్నది. పైనున్న మరను ఒకమారు త్రిప్పితే ఫిల్ము ఒక చిత్రం మేరకు జరుగుతుంది. ఆ త్రిప్పుతోనే తెర కూడ మరుచిత్రానికి సిద్ధమవుతుంది. ఒకే చోట రెండు చిత్రాలు పడి చెడిపోయే ప్రమాదం దానితో తప్పింది. 1914 మార్చి నాటి బార్నాక్ పని పుస్తకంలో ఈ మరుగుజ్జు కెమేరా పూర్తి అయినట్లు నమోదై ఉన్నది. ఆదిలైకా అని నేడు లోకం పిలిచేది దానినే.

యజమాని కుమారుడు రెండవ ఎర్నెస్ట్ లైట్స్ 1914లో అమెరికా ప్రయాణంలో ఈ నమూనా కెమేరాను తీసుకొని వెళ్ళి న్యూయార్కు వీధులలో చిత్రాలు తీశాడు. పని నచ్చినది. కాని ఆ యేడాది ఆగస్టులో ప్రపంచయుద్ధం మొదలైంది. క్రొత్త వస్తువును విపణికి తెచ్చే మాట ఎత్తే వీలు లేకపోయింది. బార్నాక్ మాత్రం తన చిన్నపెట్టెను విడిచి ఉండలేదు. సైన్యసమీకరణపు ఉత్తర్వు వెట్స్‌లార్‌లో అతికించిననాటి దృశ్యాన్ని ఆయన అందులో పట్టాడు. 1920లో లాన్ నది పొంగి ఊరి వీధులలోనికి నీరు వచ్చినప్పుడు వరుసగా చిత్రాలు తీశాడు. తన ఇంటివారిని, బిడ్డలను తీశాడు. ముక్కాలిపీట పాతుకొని, నల్లగుడ్డ కప్పుకొని, కదలవద్దని ఆజ్ఞాపించే ఛాయాగ్రాహకునికి అందని జీవితం ఆ చిత్రాలలో ఉన్నది. తాను చేసిన పనిముట్టును తానే వేడుకగా వాడుకొంటూ, వాడుకలో కనబడిన లోపాలను తానే దిద్దుకొంటూ ఆయన సుమారు పదేండ్లు గడిపాడు.

యుద్ధం ముగిసినది గాని జర్మనీకి శాంతి దొరకలేదు. 1920లో పెద్ద లైట్స్ మరణించగా సంస్థ భారం కుమారునిమీద పడింది. 1923 నాటికి జర్మన్ నాణెం విలువ పూర్తిగా అడుగంటింది. ఉదయం అందిన కూలి సాయంత్రానికి రొట్టెకు చాలని దుర్దినాలు అవి. సూక్ష్మదర్శినులమీదనే ఆధారపడిన సంస్థకు మరొక ఉపాధి చూడక తప్పలేదు. అప్పుడు బార్నాక్ కెమేరా ప్రస్తావన మరల వచ్చింది. పరీక్షకోసం ఇంచుమించు రెండు డజన్ల కెమేరాలు తయారుచేసి తెలిసినవారికి ఇచ్చారు. వీటికే శూన్యశ్రేణి అని పేరు.

చిన్న నెగటివును పెద్దది చేయాలంటే లెన్సు నిర్దోషంగా ఉండవలెను. లేకపోతే బార్నాక్ కొరకు ఎంత చక్కని పెట్టె ఉన్నా వ్యర్థమే. ఆ భారాన్ని సంస్థలోని శాస్త్రజ్ఞుడు మాక్స్ బేరెక్ వహించాడు. ఆయన లెక్కకట్టి రూపొందించిన 50 మిల్లీమీటర్ల లెన్సు సినిమా చట్రానికి రెట్టింపైన ఆ చిత్రాన్ని మూలమూలలా స్పష్టంగా పట్టగలిగింది. దానికి పెట్టిన ఎల్మాక్స్ అనే పేరులో ఎర్నెస్ట్ లైట్స్ పొడి అక్షరాలు, మాక్స్ అనే పేరు కలిసి ఉన్నవి. పెట్టె బార్నాక్‌ది, కన్ను బేరెక్‌ది అనవచ్చును.

అయినను పరీక్షించినవారందరూ మెచ్చలేదు. గోరంత ఫిల్ముతో గౌరవప్రదమైన చిత్రం రాదని కొందరు పెదవి విరిచారు. కొనుక్కున్నవాడు దానితోపాటు పెద్దచేసే పరికరం కూడ కొనవలసి వస్తుందని, అమ్మకాలు సాగవని వర్తకులు శంకించారు. 1924 జూన్‌లో సంస్థ పెద్దలు కూర్చుండి గంటల తరబడి వాదోపవాదాలు చేశారు. తప్పటడుగు పడితే సంస్థ మూలధనానికే కాక దానిని నమ్ముకొన్న పనివారి బ్రతుకులకు కూడ ముప్పు. ఊరకుండినా పనివారికి పని చూపలేని కాలం. చివరకు ఎర్నెస్ట్ లైట్స్ అందరి మాటలూ విని, సాహసించి ముందుకు పోవలసినదేనని నిర్ణయం ప్రకటించాడు. బార్నాక్ పదేండ్ల నిరీక్షణకు ఆ ఒక్క నిర్ణయంతో ఫలం దక్కింది.

1925లో లైప్‌జిగ్ నగరపు వసంతకాల సంతలో ఆ కెమేరా లోకానికి కనబడింది. లైట్స్ కెమేరా అనే రెండు మాటల తొలి అక్షరాలను కలిపి లైకా అని దానికి పేరు పెట్టారు. శూన్యశ్రేణిలో మరను త్రిప్పేటప్పుడు లెన్సుకు మూత పెట్టవలసి వచ్చేది. మరచితే ఫిల్ము చెడేది. సంతకు వచ్చిన కెమేరాలో ఆ లోపం లేదు. క్షణంలో అయిదువందలవ వంతు కాలంలో కూడ చిత్రం తీయగలదు. ఒకమారు ఫిల్ము నింపితే 36 చిత్రాలు.

ఆ పిమ్మట ఛాయాగ్రహణపు స్వభావమే మారిపోయింది. ఫ్రాంక్‌ఫర్టులోని వైద్యుడు పాల్ వోల్ఫ్ లైకాను చేపట్టి, చిన్న నెగటివునుండి ఎంత పెద్ద, ఎంత మేలైన చిత్రాలు తీయవచ్చునో నిరూపించాడు. తన అనుభవాలను 1934లో గ్రంథంగా ప్రకటించాడు. ఫ్రాన్సు దేశంలో ఆన్రీ కార్టియే బ్రెసాన్ అనే యువచిత్రకారుడు 1930ల ఆరంభంలో లైకా కొని, దానిని తన కంటికి పొడిగింపు అనదగినంతగా సాధనచేశాడు. 1948 జనవరి 30న ఢిల్లీలో మహాత్ముని సందర్శించి చిత్రాలు తీసినవాడు ఆయనే. బాపూజీ ఆ సాయంత్రమే హత్యకు గురికాగా, అనంతరం శోకసముద్రమైన ఆ నగరాన్ని, అంత్యక్రియలను కూడ ఆయన తన కెమేరాలో పట్టి ప్రపంచానికి చూపాడు. కొండ ఎక్కలేని ఒక రోగి తన సుఖంకోసం తలపెట్టిన పని, మన దేశపు మహావిషాదానికి సాక్ష్యంగా నిలిచిన తీరు ఇది.

కీర్తి వచ్చినంతమాత్రాన బార్నాక్ విశ్రమించలేదు. 1930లో లెన్సులను మార్చుకొనే వీలు కల్పించబడింది. 1932లో, ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉన్నదో చూచి లెన్సును తదనుగుణంగా నిలిపే దూరమాపకం కెమేరాలోనే అమరింది. అదే యేట ఆయన పూర్వాశ్రమమైన జైస్ సంస్థ కాంటాక్స్ అనే పేరుతో పోటీ కెమేరాను దించింది. ఒకనాడు ఆటవస్తువని నవ్విన కొలతకు పెద్దసంస్థలు పోటీపడడమే బార్నాక్ గెలుపునకు ప్రమాణం. లైట్స్ సంస్థ చేసిన మరొక మంచిపని ఉన్నది. పాతలైకా ఉన్నవారు దానిని కర్మాగారానికి పంపితే, క్రొత్తగా వచ్చిన సదుపాయాలను దానికే అమర్చి తిరిగి ఇచ్చేవారు. పాతదానిని పారవేసి క్రొత్తది కొనమనలేదు. ఈ కారణంచేతనే నేడు కొన్ని పాతలైకాలమీద ఉన్న సంఖ్య ఒక కాలానిది, వాటి రూపం మరొక కాలానిదిగా కనిపిస్తుంది.

ఆస్కార్ బార్నాక్ 1936 జనవరి 16వ తేదీన బాడ్ నౌహైమ్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 56 యేండ్లు. జీవితమంతా వెన్నాడిన అనారోగ్యం ఆయనకు దీర్ఘాయువు నీయలేదు. ఆ దీర్ఘాయువు ఆయన చేతిపనికి దక్కింది.

నేటికీ పాతకెమేరాలను సేకరించి, బాగుచేసి, వాటితోనే చిత్రాలు తీయడం వేడుకగా గలవారు దేశదేశాలలో ఉన్నారు. వారి బల్లమీదికి వచ్చే పాతలైకాకు సాధారణంగా మూడు జబ్బులు ఉంటాయి. రబ్బరుపూత గల గుడ్డతెర ఏండ్లు గడిచి బిరుసెక్కి సూదిబెజ్జాలు పడుతుంది. ఆ బెజ్జాలగుండా దూరిన వెలుతురు చిత్రంలో తెల్లని మచ్చలుగా తేలుతుంది. చక్రాలకు పూసిన కొవ్వునూనె గట్టిపడి తెర నడక మందగిస్తుంది. లెన్సులోపల పొగమంచు వంటి పొర కమ్ముతుంది. మూడింటికీ మందు ఉన్నది. మరలు విప్పి, పాతనూనె కడిగి, క్రొత్తగుడ్డ అతికి, స్ప్రింగుల బిగువు సరిచేస్తే తొంబదియేండ్ల నాటి యంత్రం మరల నడుస్తుంది. విద్యుత్తు అక్కరలేదు, బ్యాటరీ లేదు. ఒక మనిషి చేతితో కూర్చినదానిని మరొక మనిషి చేతితో విప్పగలడు. చేతులలో ఓర్పు ఉండవలెను, అంతే.

ఇందులో ఒక ముచ్చట ఉన్నది. నేడు దొరికే 35 మిల్లీమీటర్ల ఫిల్ము 1934లో కొడాక్ సంస్థ ప్రవేశపెట్టిన డబ్బీలోనే వస్తున్నది. అది బార్నాక్ కెమేరాలో చక్కగా ఇముడుతుంది. కాని ఆ కెమేరాకు వెనుక తలుపు లేదు. అడుగుమూత తీసి క్రిందినుండి ఫిల్మును దూర్చవలెను. అందుకని ఫిల్ము మొదటి నాలుకను కత్తెరతో మరికొంత పొడవుగా కత్తిరించుకొనవలెను. తొందరపడి కత్తిరించక దూర్చినవానికి ఫిల్ము ఇరుక్కొని, ముక్క చిరిగి యంత్రంలో పడుతుంది. ఒకమారు దెబ్బతిన్నవాడు మరల మరువడు. 36 చిత్రాలే ఉన్నవన్న యెరుక, ప్రతి చిత్రానికీ వెలుతురును, దూరాన్ని తానే ఆలోచించి నిర్ణయించవలసిన బాధ్యత కలిసి చూచే కంటికి శిక్షణ ఇస్తాయి. పాతకెమేరాను ప్రేమించేవారు పొందే లాభం ఇదే.

బార్నాక్ శతజయంతి వచ్చిన 1979లో ఆయన పేరిట ఛాయాగ్రాహకులకు ఒక అంతర్జాతీయ పురస్కారం నెలకొల్పబడింది. ఆయన స్వయంగా వాడుకొన్న శూన్యశ్రేణి 105వ సంఖ్య కెమేరా 2022 జూన్‌లో వెట్స్‌లార్‌లో జరిగిన వేలంలో ఒక కోటి నలుబది నాలుగు లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. ఒక కెమేరాకు అంత ధర పలకడం అంతకు ముందు ఎన్నడూ లేదు. కాని ఆయన విడిచిపోయిన ఆస్తిని వేలపు ధరతో కొలవలేము. ఫిల్ము వాడుక తగ్గి, వెలుతురును విద్యుత్సంకేతాలుగా మార్చే పలకలు వచ్చిన తరువాత కూడ, పూర్తి చట్రమని నేటి కెమేరాలలో చెప్పుకొనే కొలత 24, 36 మిల్లీమీటర్లే. తురింగియా కొండదారిలో ఊపిరి అందక నిలిచిన ఒక పనివాడు, తన భుజంమీది బరువును దించుకొనడానికి వేసిన లెక్క అది.